నియంత్రణ మండలికి ఇచ్చిన ఫైలులో వాణిజ్య రహస్యం: ఒక మందుల ఇంటర్మీడియట్ పరిశ్రమ కేస్ స్టడీ

హైదరాబాద్ శివార్లలోని ఒక పారిశ్రామికవాడలో మందుల తయారీకి కావలసిన ఇంటర్మీడియట్లను (మందుగా మారడానికి ముందు దశల్లోని రసాయనాలను) ఉత్పత్తి చేసే మధ్యతరహా సంస్థ ఒకటి, ఉత్పత్తుల జాబితాను మార్చుకుని సామర్థ్యాన్ని పెంచుకోవడానికి కాలుష్య నియంత్రణ మండలికి సీఎఫ్ఈ (కన్సెంట్ ఫర్ ఎస్టాబ్లిష్‌మెంట్, అంటే ముందస్తు అనుమతి) దరఖాస్తు పెట్టుకుంది. ఆ దరఖాస్తుతో పాటు సమర్పించిన ఫైలు మొత్తానికి నకలు కావాలని, దగ్గరలోని ఒక గ్రామానికి చెందిన వ్యక్తి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టారు. మీరిచ్చిన సమాచారాన్ని వెల్లడించాలనుకుంటున్నాం, మీ వాదన చెప్పండి అంటూ మండలి పౌర సమాచార అధికారి నుంచి ఆ చట్టం సెక్షన్ 11 నోటీసు అందగానే సంస్థ వారు సలహా కోసం మమ్మల్ని సంప్రదించారు. ఆ నోటీసుకు సమాధానం ఎలా తయారు చేశామో, అందులో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో, తర్వాతి దరఖాస్తును అదే సంస్థ ఏ పద్ధతిలో సమర్పించిందో ఇక్కడ వివరిస్తున్నాను. సంస్థను, అర్జీదారును, ఉత్పత్తులను గుర్తుపట్టే వివరాలు ఇవ్వడం లేదు.

ఇలాంటి ఫైలులో ఏముంటుందో ఈ రంగంలో లేనివారికి కొంత చెప్పాలి. కొత్త ఉత్పత్తికి అనుమతి కోరే పరిశ్రమ ప్రతి ఉత్పత్తికీ ముడిపదార్థాల పేర్లు, పరిమాణాలు, దశలవారీ రసాయన చర్యలు, ప్రాసెస్ ఫ్లో చార్టు, మాస్ బ్యాలెన్స్ (లోపలికి వెళ్లిన, బయటకు వచ్చిన పదార్థాల లెక్క), వాడే ద్రావణులు, వాటిని తిరిగి పట్టుకునే ఏర్పాట్లు, వెలువడే వ్యర్థజలాల పరిమాణం, వాయు ఉద్గారాలు, ప్రమాదకర వ్యర్థాల జాబితా సమర్పించాలి. మండలికి ఇవన్నీ కావాలి. ఇవి లేకుండా ఏ శుద్ధి ప్లాంటు సరిపోతుందో ఇంజినీరు లెక్క కట్టలేరు. కానీ పోటీ సంస్థలోని అనుభవం గల కెమిస్టు చేతికి అదే ఫైలు అందితే, అయిదారేళ్ల పరిశోధనతో సాధించిన పద్ధతిని చాలావరకు తిరిగి కట్టగలరు. అలా చట్టం అడిగినందుకు ఇవ్వక తప్పని కాగితాల్లోనే సంస్థ ఆస్తి అంతా ఉంటుంది.

సంస్థ వారు మొదటి సమావేశంలో నిబ్బరంగానే ఉన్నారు. ప్రొడక్షన్ మేనేజరు గారు, "ప్రతి పేజీ మీదా కాన్ఫిడెన్షియల్ అని ముద్ర కొట్టాం కదండీ, ఇంకేం కావాలి?" అని అడిగారు. ముద్ర నిజంగానే ప్రతి పేజీ మీదా ఉంది. స్థలం దస్తావేజుల మీద, ఫ్యాక్టరీ లేఅవుట్ మీద, గ్రీన్ బెల్టు కింద నాటిన మొక్కల జాబితా మీద కూడా ఉంది. అన్నిటినీ రహస్యమన్నప్పుడు దేన్నీ రహస్యంగా చూడలేదనే అర్థం వస్తుందని, ఆ ముద్రను ఆధారంగా చూపితే అధికారి దృష్టిలో మన మాటకు విలువ తగ్గుతుందని వారికి వివరించవలసి వచ్చింది.

మేనేజింగ్ డైరెక్టర్ గారి ఆందోళన మరోలా ఉంది. అర్జీ వెనుక పోటీ సంస్థ ఉందని, అర్జీదారు ఎవరో, ఎందుకు అడుగుతున్నారో తేల్చమని అధికారిని కోరాలని ఆయన అన్నారు. ఆ దారిలో వెళ్లవద్దని గట్టిగా చెప్పాను. సెక్షన్ 6(2) ప్రకారం సమాచారం ఎందుకు కావాలో చెప్పమని అర్జీదారును అడగడానికి వీల్లేదు. పైగా ఆ ఊరి చెరువు ఈ పారిశ్రామికవాడకు దిగువన ఉంది. అక్కడి మనిషి ఎగువన ఉన్న ఫ్యాక్టరీ ఏం తయారు చేస్తోందో, ఏం వదులుతోందో తెలుసుకోవాలనుకోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. ఆయన్ను అనుమానించే ఒక్క వాక్యం కూడా మా సమాధానంలో ఉండకూడదని ముందే ఒప్పించాం.

చట్టం చెప్పేది, చాలామంది అనుకునేది

సెక్షన్ 11 నోటీసు రాగానే "మేము ఒప్పుకోవడం లేదు" అని రాసి పంపితే సరిపోతుందని పరిశ్రమల్లో ఎక్కువమంది అనుకుంటారు. అది పొరపాటు. సెక్షన్ 11 ఒక విధానం మాత్రమే, సమాచారాన్ని ఆపే అధికారాన్ని మూడో పక్షానికి (ఇక్కడ, ఫైలు ఇచ్చిన సంస్థకు) ఇచ్చేది కాదు. మూడో పక్షం ఇచ్చిన సమాచారాన్ని, ఆ పక్షం రహస్యంగా చూసుకున్న సమాచారాన్ని వెల్లడించాలని పౌర సమాచార అధికారి భావించినప్పుడు, అర్జీ అందిన 5 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 10 రోజుల్లో మూడో పక్షం తన వాదన చెప్పుకోవచ్చు. అర్జీ అందిన 40 రోజుల్లో అధికారి నిర్ణయం తీసుకుని, దానిపై అప్పీలు చేసుకునే హక్కు ఉందని తెలుపుతూ మూడో పక్షానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. వాదనను అధికారి పరిగణనలోకి తీసుకోవాలి, అంతే. సమాచారాన్ని ఆపాలంటే సెక్షన్ 8లోని మినహాయింపు ఏదో ఒకటి వర్తించాలి.

మాకు వర్తించగలిగింది సెక్షన్ 8(1)(డి) ఒక్కటే. వాణిజ్యపరమైన విశ్వాసంతో ఇచ్చిన సమాచారం, వాణిజ్య రహస్యాలు, మేధోసంపత్తి వెల్లడైతే మూడో పక్షం పోటీ సామర్థ్యానికి హాని జరిగే సందర్భంలో ఆ క్లాజు వర్తిస్తుంది. విస్తృత ప్రజాప్రయోజనం కోరితే ఆ రక్షణ కూడా తొలగుతుంది. అంటే ఫలానా వివరం రహస్యమని, అది బయటపడితే పోటీలో ఫలానా విధంగా నష్టం కలుగుతుందని మేము చూపాలి. ప్రజాప్రయోజనం ఎటు మొగ్గుతుందో కూడా దాచకుండా చర్చించాలి. నష్టం కలుగుతుందని ఊరికే అంటే కుదరదు.

సంస్థ పాత సలహాదారు తయారు చేసి ఉంచిన ముసాయిదాలో 8(1)(ఇ) కూడా ఉంది. నియంత్రణ సంస్థ మా సమాచారాన్ని విశ్వాసపాత్ర హోదాలో ఉంచుకుంది కాబట్టి బయటపెట్టకూడదన్నది ఆ వాదన. దాన్ని పూర్తిగా తీసేశాం. చట్టం ప్రకారం తప్పనిసరిగా ఇచ్చిన సమాచారం విషయంలో నియంత్రణ సంస్థకు అలాంటి సంబంధం ఉండదని 2015 డిసెంబరులో జయంతీలాల్ మిస్త్రీ కేసులో రిజర్వ్ బ్యాంకుకు సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. 2018 సెప్టెంబరులో ఫెరానీ హోటల్స్ కేసులో, ముంబై నగరపాలక సంస్థకు బిల్డరు ఇచ్చిన ప్లాన్లు వాణిజ్య రహస్యాలన్న వాదనను కూడా అదే కోర్టు తిరస్కరించింది. ప్రభుత్వ సంస్థకు ఇచ్చిన కాగితాన్ని ఆపడానికి కోర్టులు ఎంత గట్టి కారణం కోరతాయో ఈ రెండు తీర్పులను బట్టే తెలుస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. సెక్షన్ 11 మినహాయింపు వాక్యంలో "చట్టం చేత రక్షితమైన వాణిజ్య రహస్యాలు" అన్న మాటలున్నాయి. మన దేశంలో వాణిజ్య రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో ఒక ముసాయిదా బిల్లును సూచించింది. ప్రస్తుతానికి మనకున్నవి కాంట్రాక్టు చట్టం, విశ్వాస ఉల్లంఘనపై కోర్టులు తీర్పుల ద్వారా ఏర్పరచిన సూత్రాలు. అందువల్ల రహస్యం అంటే ఏమిటో చెప్పడానికి ట్రిప్స్ ఒప్పందం (మేధోసంపత్తిపై ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం) 39వ అధికరణంలోని కొలతను ఆధారం చేసుకున్నాం. ఆ సమాచారం ఆ రంగంలోని వారికి సాధారణంగా తెలిసి ఉండకూడదు, రహస్యంగా ఉండటం వల్లనే దానికి వాణిజ్య విలువ ఉండాలి, దాన్ని కాపాడుకోవడానికి యజమాని తగిన జాగ్రత్తలు తీసుకుని ఉండాలి. మన అధికారులు ఈ కొలతకు కట్టుబడి ఉండాలని లేదు గానీ, దాని వల్ల వాదనకు ఒక క్రమం వస్తుంది.

ప్రహరీ గోడ

ఫైలును పేజీ పేజీ చదవడానికి సంస్థ నుంచి ఇద్దరు కెమిస్టులు, ఒక పర్యావరణ ఇంజినీరు మాతో కూర్చున్నారు. విభజనకు ఒకే ప్రమాణం పెట్టుకున్నాం. ఫ్యాక్టరీ ప్రహరీ గోడ దాటి గాలిలో, నీటిలో, డ్రమ్ములో బయటకు వెళ్లేది, ప్రమాదం జరిగితే బయటకు వెళ్లగలిగేది ఏదీ రహస్యమని అడగము. రియాక్టరులోనే మొదలై రియాక్టరులోనే ముగిసే విషయం గురించి మాత్రమే అడుగుతాం. ఈ ప్రమాణాన్ని సంస్థ మొదట వ్యతిరేకించింది, తర్వాత ఒప్పుకుంది. ఈ కేసులో మేము తీసుకున్న నిర్ణయాలన్నీ దీన్నుంచే వచ్చాయి.

దీనికి నైతిక కారణంతో పాటు ఆచరణాత్మక కారణమూ ఉంది. నీటి కాలుష్య నివారణ చట్టం, 1974లోని సెక్షన్ 25(6) ప్రకారం అనుమతి షరతుల రిజిస్టరులో వ్యర్థజలాలకు, వాటిని వదిలే చోటుకు సంబంధించిన భాగాన్ని వాటితో సంబంధం ఉన్నవారెవరైనా చూడవచ్చు. వాయు కాలుష్య నివారణ చట్టం, 1981లోని సెక్షన్ 51 ఉద్గార ప్రమాణాల విషయంలో అలాంటి అవకాశమే ఇస్తుంది. చట్టమే బహిరంగమని చెప్పినదాన్ని రహస్యమని కోరితే, పక్కనే ఉన్న న్యాయమైన కోరికను కూడా అధికారి అనుమానంతో చూస్తారు. నైతిక కారణం చెప్పడానికి పటాన్‌చెరు ఒక్కటి చాలు. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. శుద్ధి చేసిన నీటిలో యాంటీబయాటిక్ ఆ స్థాయిలో ఉండటం ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. ఏ ఫ్యాక్టరీ ఏ మందు తయారు చేస్తోందో తెలియకపోతే నీటిలో దేని కోసం వెతకాలో కూడా తెలియదు. అందుకే ఉత్పత్తుల పేర్ల బదులు కోడ్ నంబర్లు ఇస్తామన్న సంస్థ ప్రతిపాదనను మేము అంగీకరించలేదు.

ప్రమాదకర రసాయనాల నిల్వలు, భద్రతా పత్రాలు, అత్యవసర ప్రణాళిక కూడా అంతే. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41బి సెక్షన్, ఆరోగ్యానికి ఉన్న ప్రమాదాల సమాచారాన్ని కార్మికులకు, స్థానిక సంస్థలకు, చుట్టుపక్కల ప్రజలకు తెలపడం యజమాని బాధ్యతగా చేసింది. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఇళ్లలోకి వచ్చిన తెల్లవారుజామును తలచుకుంటే, ట్యాంకులో ఏముందో చుట్టుపక్కలవారికి తెలియాలా వద్దా అన్న ప్రశ్నే మిగలదు.

అసలు కష్టం మాస్ బ్యాలెన్స్ దగ్గర వచ్చింది. ఒక దశలో వేసిన ప్రతి ముడిపదార్థం ఎన్ని కిలోలో, బయటకు వచ్చిన ఉత్పత్తి, ద్రావణి, లవణం, నీరు, అవశేషం ఎన్ని కిలోలో ఆ పట్టికలో ఉంటుంది. చూడటానికి అది కాలుష్యం లెక్క. కానీ పరిమాణాలను అణుభారాలతో భాగిస్తే మోల్ నిష్పత్తులు తెలుస్తాయి. వాటి నుంచి ఆ దశ దిగుబడి తెలుస్తుంది. దిగుబడి నుంచి తయారీ ఖర్చు తెలుస్తుంది. ఈ సంస్థ మూడో దశలో సాధించిన దిగుబడే దాని వ్యాపార బలం. అదే పట్టిక చివరి వరుసల్లో గ్రామస్థులు తెలుసుకోవలసిన వ్యర్థజలాల భారం, ద్రావణి నష్టం ఉన్నాయి. పట్టికను మొత్తంగా ఇస్తే సంస్థ నష్టపోతుంది, మొత్తంగా ఆపితే గ్రామం నష్టపోతుంది.

దానికి మేము చేసింది ఇది. దశలవారీ పట్టికను రహస్య భాగంలో ఉంచి, ప్రతి ఉత్పత్తికీ దశలన్నిటినీ కలిపిన ఏకీకృత పట్టిక ఒకటి కొత్తగా తయారు చేయించాం. రోజుకు లోపలికి వెళ్లే నీరు, ద్రావణులు పేర్లతో సహా, ఇతర ముడిపదార్థాల మొత్తం. బయటకు వచ్చే ఉత్పత్తి, అధిక లవణాల వ్యర్థజలం, తక్కువ లవణాల వ్యర్థజలం, తిరిగి పట్టుకున్న ద్రావణి, గాలిలో కలిసే నష్టం, మిగిలే అవశేషం అందులో ఉన్నాయి. లోపలికి వెళ్లినదీ బయటకు వచ్చినదీ కిలోతో సహా సరిపోవాలని పట్టుబట్టాం. చదివినవారికి శుద్ధి ప్లాంటు సామర్థ్యం సరిపోతుందో లేదో లెక్క వేసుకునే వీలుండాలి. ఏ దశలో ఎంత దిగుబడి వచ్చిందో మాత్రం లెక్క కట్టలేకపోవాలి. ఇంజినీరు ఎన్నోసార్లు తిరగరాశాక ఆ పట్టిక అలా కుదిరింది. చట్టంలోని సెక్షన్ 10, మినహాయింపు ఉన్న భాగాన్ని వేరు చేసి మిగతాది ఇవ్వమంటుంది. ఆ వేరుచేసే పనిని అధికారికి వదిలేయకుండా మేమే చేసి ఇవ్వడం వల్ల ఆయన పని సులువైంది.

ఉత్ప్రేరకం సంగతి ఇంకా సున్నితమైనది. హైడ్రోజనీకరణ దశలో వాడే లోహం పేరు, దాన్ని ఎన్నిసార్లు తిరిగి వాడతారు, తిరిగి వాడే ముందు ఎలా శుద్ధి చేస్తారు అన్న మూడింటినీ సంస్థ రహస్యంగా కోరింది. వాడేసిన ఉత్ప్రేరకం 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల మొదటి షెడ్యూలులో మందుల పరిశ్రమకు కేటాయించిన వ్యర్థాల్లో ఒకటి. డ్రమ్ముల్లో ప్రహరీ దాటి వెళుతుంది. కాబట్టి లోహం పేరు, ఏడాదికి వెలువడే పరిమాణం బహిరంగ భాగంలోకి వెళ్లాయి. శుద్ధి చేసే పద్ధతి, తిరిగి వాడే క్రమం రహస్య భాగంలో ఉన్నాయి.

తర్వాత అందరికీ ఇబ్బంది కలిగించిన పరిశీలన ఒకటి చేశాం. రహస్యమని అడగబోతున్న ప్రతి వివరం ఇప్పటికే ఎక్కడైనా బయట ఉందేమో వెతికాం. మందుల ఇంటర్మీడియట్లు 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో 5(ఎఫ్) కిందకు వస్తాయి. దాని కింద పరిశ్రమలు ఇచ్చే నివేదికలు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఎవరికైనా దొరుకుతాయి. ఈ సంస్థ కొన్నేళ్ల క్రితం వేరే విస్తరణ కోసం ఇచ్చిన నివేదికలో, ఇప్పటి ఉత్పత్తుల్లో కొన్నిటి తయారీ మార్గం రసాయన సమీకరణాలతో సహా ఉంది. ఆనాడు దాన్ని ఆపే అవకాశం సంస్థకు ఉంది. మేధోసంపత్తికి సంబంధించి దరఖాస్తులో పేర్కొన్న వెల్లడించరాని సమాచారాన్ని వెబ్‌సైటులో పెట్టకూడదని ఆ నోటిఫికేషన్‌లోని ప్రజాభిప్రాయ సేకరణ పేరా చెబుతుంది. కానీ అది రహస్యమని దరఖాస్తులో ఎవరూ పేర్కొనలేదు. ఒకసారి బయటకు వెళ్లిన రహస్యాన్ని తిరిగి రహస్యం చేసే మార్గం ఏ చట్టంలోనూ లేదు. మరో ఉత్పత్తి విషయంలో సంస్థే పేటెంటు దరఖాస్తు వేసింది. మన చట్టం ప్రకారం 18 నెలల తర్వాత అది ప్రచురితమవుతుంది, అయింది కూడా. ఆ ఉత్పత్తులన్నీ మా కోరిక నుంచి తొలగిపోయాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇదే సంస్థ విదేశీ ఔషధ నియంత్రణ సంస్థలకు మాస్టర్ ఫైళ్లు (తయారీ వివరాలుండే ఫైళ్లు) పంపేటప్పుడు, కొనుగోలుదారు చూడదగిన ఓపెన్ పార్టును, నియంత్రణ సంస్థ మాత్రమే చూడవలసిన క్లోజ్డ్ పార్టును ఎంతో శ్రద్ధగా విడదీస్తుంది. రెగ్యులేటరీ విభాగంలో ఆ పని తెలిసినవారు ఉన్నారు. కానీ కాలుష్య మండలి ఫైలు పర్యావరణ విభాగం చూస్తుంది, ఔషధ ఫైలు రెగ్యులేటరీ విభాగం చూస్తుంది, ఈ రెండు విభాగాలూ ఒకే రహస్యం గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఈ పరిస్థితి ఈ ఒక్క సంస్థకే పరిమితం కాదు. నేను చూసిన మధ్యతరహా పరిశ్రమల్లో ఎక్కువ వాటిలో ఇదే ఉంది.

సమాధానం

చివరికి మా కోరిక కొన్ని పేజీలకు కుదించుకుపోయింది. మూడు ఉత్పత్తుల దశలవారీ మాస్ బ్యాలెన్స్, ఆ దశల్లో పదార్థాలు వేసే క్రమం, ఉష్ణోగ్రత పరిధులు, ఉత్ప్రేరక శుద్ధి పద్ధతి, స్ఫటికీకరణ వివరాలు, ముడిపదార్థాల సరఫరాదారుల పేర్లు. సంస్థ పట్టుబట్టడంతో ఒక ముడిపదార్థం పేరు కూడా చేరింది. అది నిలవదని ముందే రాతపూర్వకంగా చెప్పాం.

ప్రతి అంశానికీ పేజీ నంబరు, పేరా, అడుగుతున్న కారణం విడివిడిగా రాశాం. వాటికి మద్దతుగా సంస్థ పరిశోధన విభాగాధిపతి చేత అఫిడవిట్ ఇప్పించాం. న్యాయవాది వాదన కన్నా ఆ విషయం స్వయంగా తెలిసిన మనిషి ప్రమాణం అధికారికి ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. అందులోని ఒక పేరాను, వివరాలు మార్చి, ఇక్కడ ఇస్తున్నాను:

"ఫైలు ఫలానా పేజీలోని రెండో పట్టికలో మూడో దశ ముడిపదార్థాల పరిమాణాలు ఉన్నాయి. ఈ పరిమాణాల నుంచి ఆ దశ దిగుబడిని సాధారణ గణితంతో లెక్కించవచ్చు. ఈ దిగుబడిని మా సంస్థ సొంత పరిశోధనతో సాధించింది. ఇది ఏ పేటెంటులోనూ, ఏ ప్రచురణలోనూ, ఏ ప్రభుత్వ పోర్టల్‌లోనూ లేదని వెతికి నిర్ధారించుకున్నాను. ప్లాంటులో ఈ వివరాలున్న బ్యాచ్ రికార్డును చూసే అధికారం ఉన్నవారి జాబితా జతచేశాను. వారందరూ గోప్యతా ఒప్పందంపై సంతకం చేశారు. ఈ దశ నుంచి వెలువడే వ్యర్థజలం, ద్రావణి నష్టం, ఘన వ్యర్థం వివరాలు బహిరంగ భాగంలోని పట్టికలో పూర్తిగా ఉన్నాయి. వాటిలో ఏదీ రహస్యమని కోరడం లేదు."

నా దృష్టిలో ఈ పేరాలో బలమైనది చివరి వాక్యం. అధికారి ముందున్న ప్రశ్న "గ్రామస్థుడికి ఏం దక్కకుండా పోతోంది?" అన్నది, దానికి ప్రతి అంశం కిందా ముందుగానే జవాబు ఇచ్చాం. ప్రజాప్రయోజనం గురించి మేము మౌనంగా ఉంటే దాన్ని అర్జీదారు మాటల్లోనే అధికారి వినేవారు. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ విషయంలో విషప్రభావం, అలర్జీ పరీక్షల వివరాలు కంపెనీ అభ్యంతరాల మధ్యనే 2008లో బహిరంగమైన సంగతిని కూడా మేమే ప్రస్తావించి, భద్రతకు సంబంధించిన వివరాలను ఆపడం మా ఉద్దేశం కాదని రాశాం.

నిర్ణయం, అప్పీలు

పౌర సమాచార అధికారి సెక్షన్ 10 కింద ఫైలును విడదీసి, బహిరంగ భాగాన్ని, మేము తయారు చేసిన ఏకీకృత పట్టికతో సహా అర్జీదారుకు ఇచ్చారు. దశలవారీ మాస్ బ్యాలెన్స్, చర్యా పరిస్థితులు, ఉత్ప్రేరక పద్ధతి, స్ఫటికీకరణ, సరఫరాదారుల పేర్ల విషయంలో 8(1)(డి) వర్తిస్తుందని అంగీకరించారు. ముడిపదార్థం పేరును మాత్రం ఇవ్వవలసిందేనన్నారు. అది మండే స్వభావం గల పదార్థం, దాని నిల్వ గురించి చుట్టుపక్కలవారికి తెలియాలన్నది ఆయన ఇచ్చిన కారణం. కారణం సరైనది. సంస్థ దానిపై అప్పీలుకు వెళ్లలేదు.

అర్జీదారు మొదటి అప్పీలు వేశారు. ద్రావణి నష్టాన్ని అన్ని దశలకూ కలిపి ఇస్తే, ఏ ద్రావణి ఏ ఉత్పత్తి తయారయ్యే రోజుల్లో గాలిలో ఎక్కువగా కలుస్తుందో తెలియడం లేదని, ఊళ్లో వాసన కొన్ని రోజులే వస్తోందని ఆయన వాదన. విచారణలో ఆయన మాట్లాడిన తీరు చూశాక, సంస్థ వారి మనసులో మిగిలిన అనుమానం కూడా పోయిందనుకుంటున్నాను. తయారీ రహస్యాల జోలికి ఆయన పోలేదు. ఇల్లు, గాలి, పిల్లలు, ఇవే ఆయన మాటలు. సెక్షన్ 19(5) ప్రకారం సమాచారం నిరాకరించడం సబబేనని నిరూపించే భారం దాన్ని నిరాకరించిన అధికారిదే. ఆయన మా అఫిడవిట్‌ను ముందుంచి, దశలవారీ వివరాలు ఎందుకు ఆపారో ఒక్కో పేరా చదివి చెప్పగలిగారు. మూడో పక్షం ఏ ఆధారమూ ఇవ్వకుండా అభ్యంతరం మాత్రమే చెప్పి ఉంటే, ఆయనకు ఆ విచారణలో చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

అప్పీలు అధికారి తయారీ వివరాలపై మొదటి నిర్ణయాన్ని సమర్థించి, ప్రతి ఉత్పత్తికీ ఒక్కో ద్రావణి నష్టాన్ని నెలవారీగా విడిగా ఇవ్వాలని ఆదేశించారు. సంస్థలో కొందరు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేద్దామన్నారు. గాలిలో కలిసేది ప్రహరీ దాటేదే కాబట్టి, మేము పెట్టుకున్న ప్రమాణం ప్రకారమే ఆ ఆదేశం సరైనదని, నెలవారీ మొత్తాల నుంచి దశ దిగుబడిని లెక్కించడం సాధ్యం కాదని కెమిస్టులతోనే చెప్పించాం. సంస్థ ఆ వివరాలు ఇచ్చింది. ఆ లెక్కలు తయారు చేస్తున్నప్పుడే ఒక ఉత్పత్తి తయారయ్యే నెలల్లో, ద్రావణి ఆవిరిని చల్లబరిచి తిరిగి పట్టుకునే కండెన్సరు సామర్థ్యం చాలడం లేదని ఇంజినీరు గుర్తించారు, దాన్ని మార్చారు.

తర్వాతి దరఖాస్తు

మరుసటి విస్తరణకు ఫైలును మొదటి నుంచే రెండు సంపుటాలుగా తయారు చేశాం. మొదటి సంపుటి ఎవరికైనా ఇవ్వదగినది, తనంతట తాను సంపూర్ణమైనది; మండలి ఇంజినీరు దాన్ని ఒక్కదాన్నే చదివి శుద్ధి ఏర్పాట్లను అంచనా వేయగలగాలి. రెండో సంపుటిలో తయారీ వివరాలు మాత్రమే ఉంటాయి; ప్రతి పేజీ మీద ఏ అంశం రహస్యమో, 8(1)(డి) కింద ఎందుకో ఒక వాక్యం ఉంటుంది. గంపగుత్తగా కొట్టే ముద్రను పూర్తిగా మానేశాం. కవరింగ్ లెటరులో రెండో సంపుటిపై అర్జీ వస్తే నోటీసు ఎవరికి పంపాలో హోదాతో, చిరునామాతో రాశాం. నోటీసుకు జవాబివ్వడానికి ఉన్న 10 రోజుల గడువు, ఆ నోటీసు గేటు దగ్గర రిసెప్షన్‌లో పడి ఉన్నా నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఈ చిన్న వివరం ముఖ్యం.

ఆన్‌లైన్ ఫారంలో రహస్య పత్రాలకు విడి గడి లేదు. అందుకని మండలి అధికారులతో ముందే మాట్లాడి, రెండో సంపుటిని సీల్డు కవరులో అందజేసి, అందినట్టు రసీదు తీసుకున్నాం. ఆన్‌లైన్‌లో మొదటి సంపుటిని, రెండో సంపుటి విషయసూచికను మాత్రమే పెట్టాం. సీల్డు కవరు చట్టాన్ని దాటి ఏ రక్షణా ఇవ్వదు. సెక్షన్ 22 ప్రకారం సమాచార హక్కు చట్టానిదే పైచేయి. సంస్థకూ అధికారికీ మధ్య ఏ ఒప్పందం ఉన్నా అది నిలవదు. అయితే "ఆ పక్షం రహస్యంగా చూసుకున్న సమాచారం" అన్న సెక్షన్ 11 మాటలకు ఆ రసీదు తేదీతో సహా సాక్ష్యంగా నిలుస్తుంది. పర్యావరణ నివేదిక రాసే సలహాదారుకు కూడా ఇదే విభజనను ఒప్పందంలో షరతుగా పెట్టాం. ఆయన ముసాయిదాను పర్యావరణ విభాగం, రెగ్యులేటరీ విభాగం రెండూ సంతకం చేశాకే పోర్టల్‌లో పెట్టాలి.

రక్షణకు కాలపరిమితి ఉందన్న సంగతి సంస్థలో ఎవరికీ తెలియదు. సెక్షన్ 8(3) ప్రకారం అర్జీ తేదీకి 20 ఏళ్ల ముందు జరిగిన విషయానికి సంబంధించిన సమాచారాన్ని, (ఎ), (సి), (ఐ) క్లాజుల పరిధిలోనిది తప్ప, ఇవ్వవలసిందే. ఆ మూడింటిలో (డి) లేదు. సంస్థ స్థాపించిన కొత్తలో ఇచ్చిన అనుమతి ఫైళ్లు కొన్ని ఇప్పటికే ఆ గడువు దాటాయి. వాటిలో ఇంకా వాడుకలో ఉన్న పద్ధతులేమైనా ఉన్నాయేమో పరిశోధన విభాగం ఒక్కొక్కటిగా చూస్తోంది. రెండో సంపుటిలోని ప్రతి అంశానికీ ఆ 20 ఏళ్లు ఎప్పుడు నిండుతాయో రహస్యాల రిజిస్టరులో ఒక వరుసగా రాయించాం.